పద్దెనిమిది గీతల్లో తెలుగు

డ్రోన్ క్లబ్ వాళ్లు రేసింగ్ డ్రోన్ ఎగరేసేటప్పుడు కళ్లకి తగిలించుకునే గాగుల్స్ ఒకసారి అడిగి పెట్టుకు చూడండి. కింద గ్రౌండు, చెట్లు, హాస్టల్ మేడ కనపడతాయి. వాటి మీద ఒక మూల బ్యాటరీ వోల్టేజీ, ఇంకో మూల ఎగిరిన టైము తెల్లటి అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలు కెమెరా ముందు లేవు, గాగుల్స్ వాటిని తయారుచెయ్యడం లేదు. మధ్యలో వేలిగోరంత చిప్పు ఒకటి కూర్చుని, వెళ్తున్న వీడియోని ఆపకుండా, దాని మీద రాసి పంపిస్తోంది. ఈ పనినే ఓఎస్‌డీ అంటారు, అంటే ఆన్ స్క్రీన్ డిస్‌ప్లే.

ఆ చిప్పు చేత తెలుగు రాయించాను. అది ఎలాగో, ఎందుకో చెప్పడానికే ఇది. మొదటి సగం ఈసీఈ వాళ్లకి తెలిసిందే అనిపించొచ్చు. సివిల్, మెకానికల్ మిత్రుల కోసం కాస్త ఓపిక పట్టండి.

ముందు ఎందుకో. మా మామయ్యకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పగలు నీళ్లలోని పచ్చటి నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే తయారీ ఆగిపోతుంది, పైగా ఆ నాచూ పీల్చుకుంటుంది, రొయ్యలూ పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ టైములో ఏరేటర్ల చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరగాల్సిందే. అవి ఆగిన సంగతి ఎవరూ చూడకపోతే పొద్దున్నకి పంట తేలిపోతుంది. కరెంటు పోవడం ఒక్కటే సమస్య కాదు. మామూలు స్టార్టర్‌లో కరెంటు పోగానే లోపల కాంటాక్టర్ ఊడిపోతుంది, కరెంటు తిరిగొచ్చినా ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. అర నిమిషం కరెంటు పోయి వచ్చిందనుకోండి, లైట్లు వెలుగుతుంటాయి, అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, చక్రాలు మాత్రం నిలబడి ఉంటాయి.

షెడ్డులో కాపలా ఉండే తాత ముందు పద్నాలుగు అంగుళాల డబ్బా టీవీ ఉంది. చెరువు గట్టు మీది పాత అనలాగ్ కెమెరా నుంచి కేబుల్ దానికి వస్తుంది. రాత్రి ఆ బొమ్మలో చక్రం తిరుగుతోందో నిలబడిందో తేల్చుకోవడం కష్టం. ఫోన్ యాప్ పెట్టొచ్చు కదా అని మీరు అడుగుతారు. షెడ్డులో సిగ్నల్ సరిగా ఉండదు, తాతది బటన్ల ఫోను. టీవీ ఎలాగూ రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. దాని మీదే రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఎలాగో చూద్దాం.

అనలాగ్ వీడియో అంటే ఒకే తీగ మీద నడిచే వోల్టేజీ. మన దేశంలో ఢిల్లీ ఆసియా క్రీడలు జరిగిన 1982లో మొదలైన కలర్ ప్రసారాలు పాల్ పద్ధతిలో వచ్చాయి (పాలు కాదు, పాల్). దీంట్లో బొమ్మని 625 అడ్డగీతలుగా కోస్తారు, సెకనుకి 25 బొమ్మలు. ఒక్కో బొమ్మనీ బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి చొప్పున రెండు సగాలుగా పంపుతారు, కాబట్టి సెకనుకి 50 సగాలు. ఒక్క గీతకి పట్టే టైము 64 మైక్రోసెకన్లు. అందులో సుమారు 52 మైక్రోసెకన్లు బొమ్మ, మిగతాది టీవీకి ఇచ్చే సంకేతాలు. తీగ మీద సుమారు 0.3 వోల్టు ఉంటే నలుపు, 1 వోల్టు ఉంటే తెలుపు, మధ్యలోవన్నీ బూడిద రంగులు. రంగుల సమాచారం దీని మీదే 4.43 మెగాహెర్ట్జ్ అలగా స్వారీ చేస్తుంది. ప్రతి గీత మొదట్లో వోల్టేజీ నలుపు కన్నా కిందకి, సున్నా దాకా, 4.7 మైక్రోసెకన్లపాటు పడిపోతుంది. అదే సింక్. "కొత్త గీత మొదలైంది, ఎడమ అంచుకి రా" అని టీవీకి చెప్పడం అన్నమాట.

ఇది పట్టుకుంటే ఓఎస్‌డీ మొత్తం పట్టుకున్నట్టే. బొమ్మ మీద అక్షరం అతికించడం అంటూ ఏమీ లేదు. సింక్ పడిన క్షణం నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లి, అక్షరం రావాల్సిన చోట కెమెరా వోల్టేజీని ఒక్క క్షణం పక్కకి తప్పించి, దాని బదులు తెలుపు వోల్టేజీ పెట్టి, వెంటనే మళ్లీ కెమెరాకి దారి వదలాలి. అంతే. ఆ క్షణం ఎంత అన్నదే తలనొప్పి. తెరని అడ్డంగా 360 చుక్కలు చేశామనుకుంటే, 52 మైక్రోసెకన్లలో ఒక్కో చుక్క వాటా దాదాపు 0.14 మైక్రోసెకన్లు.

ఆర్డునో ఊనో ఒక్కదానితో చెయ్యలేమా? చేసినవాళ్లున్నారు. ఎల్ఎం1881 అనే చిన్న చిప్పు సింక్‌ని వేరుచేసి ఇస్తుంది, మిగతాది ఆర్డునో చూసుకుంటుంది. కానీ 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక టిక్కు 0.0625 మైక్రోసెకన్లు, అంటే సుమారు అర చుక్క. సింక్ వచ్చిందన్న ఇంటరప్ట్‌కి ప్రాసెసర్ స్పందించడంలో ఒక గీతకి రెండు టిక్కులు, ఇంకో గీతకి నాలుగు టిక్కులు తేడా వచ్చిందంటే, అక్షరాలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాయి. దాన్నీ సరిచేసుకోవచ్చు. కానీ 128 × 96 చుక్కల తెరకే 1536 బైట్లు కావాలి, ఊనోలో ఉన్న ర్యామే 2048. ప్రాసెసర్ సగం జీవితం గీతలు లెక్కపెట్టడానికే పోతుంది. ఇక సెన్సార్లు ఎప్పుడు చదవాలి?

అందుకే మ్యాక్స్7456. మ్యాక్సిమ్ కంపెనీ ఈ పని కోసమే చేసిన చిప్పు. డ్రోన్ బోర్డుల మీద తరచు కనపడే ఏటీ7456ఈ దీని తమ్ముడు. 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టుకుని, వచ్చే వీడియోలో సింక్‌ని తనే పట్టుకుని, తనే లెక్కపెట్టి, తనే వోల్టేజీ మారుస్తుంది. మైక్రోకంట్రోలర్ ఎస్పీఐ తీగల మీద "ఫలానా గడిలో ఫలానా నంబరు బొమ్మ పెట్టు" అని చెప్పి తన పని తాను చూసుకోవచ్చు. గీతల గొడవ దానికి తెలియనే తెలియదు.

పాల్ తెర మీద అడ్డంగా 30 గళ్లు, నిలువుగా 16 వరసలు, మొత్తం 480 గళ్లు. గడి అడ్రసు లెక్క బస్సులో సీటు నంబరు లాంటిది. వరసలూ నిలువులూ సున్నా నుంచి లెక్కపెడితే 3వ వరస, 5వ నిలువు అంటే 3 × 30 + 5 = 95. అడ్రసు రెండు ముక్కలుగా పంపి, తర్వాత బొమ్మ నంబరు పంపితే అక్షరం పడుతుంది. మినుకుమినుకుమనాలన్నా, తెలుపు నలుపులు తిరగబడాలన్నా గడికో బిట్టు ఉంది. డబ్బా టీవీలు అంచుల్ని కాస్త మింగేస్తాయి కాబట్టి మొదటి వరస, చివరి వరస, పక్కన రెండేసి నిలువులు వాడకపోవడమే మంచిది.

నాకు దీంట్లో బాగా నచ్చింది ఇంకోటి. సింక్‌ని ఆటోలో పెడితే, కెమెరా చచ్చిపోయినా ఈ చిప్పు సొంతంగా సింక్ పుట్టించుకుని, ఖాళీ బూడిద తెర మీద అక్షరాలు రాస్తూనే ఉంటుంది. బొమ్మ పోయినా కబురు పోదు. చెరువు దగ్గర కావాల్సింది కబురే.

చిప్పులో 256 బొమ్మలకి చోటుంది. కంపెనీ నుంచి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు నింపుకుని వస్తుంది. మొదటి పరీక్ష వాటితోనే చేశాం. తాత టీవీ వంక చూశాడు. "ఆయ్, పైన ఏదో పడతంది బాబూ. అది నాకేం తెలుస్తాది? మీ మామయ్యగారొస్తే చదూతారు" అన్నాడు. మామయ్య రాత్రి రెండింటికి ఎందుకొస్తాడు? తాతకి తెలుగు పేపరు రోజూ చదివే అలవాటుంది. కాబట్టి తెలుగే పెట్టాలి.

ఇక్కడి నుంచి ఇది ఎలక్ట్రానిక్స్ కన్నా మన క్లబ్బు వ్యవహారం.

ఒక్కో బొమ్మ 12 చుక్కల వెడల్పు, 18 గీతల ఎత్తు. ఒక్కో చుక్కకి రెండు బిట్లు, నలుపో తెలుపో పారదర్శకమో చెప్పడానికి. 216 చుక్కలకి 54 బైట్లు. ఇంగ్లీషుకి ఇదంతా దర్జాగా సరిపోతుంది. మనకో? ముప్పై ఆరు హల్లులు, ఒక్కోదానికి పన్నెండు గుణింతాలే వేసుకున్నా 432. ఒత్తులు ఇంకా మొదలెట్టనేలేదు, 256 గళ్లు అప్పుడే అయిపోయాయి.

హల్లు ఒక గడి, గుణింతపు గుర్తు ఇంకో గడి అని విడగొట్టి అతికిద్దామనుకుంటే తెలుగు ఒప్పుకోదు. 'క'కి గుడి ఇస్తే అది తలకట్టు పక్కన కూర్చోదు, తలకట్టుని తీసేసి దాని చోటులో కూర్చుంటుంది. 'మి', 'యి'లలో అయితే ఆకారమే వేరు. కొమ్ము పక్కకి వస్తుంది, ఏత్వం నెత్తి మీదకెక్కుతుంది, ఐత్వం పైనా కిందా రెండు చోట్లా పడుతుంది. మన అక్షరం ఇటుకలు పేర్చిన గోడ కాదు, అల్లిన బుట్ట.

కాబట్టి అక్షరమాల అనే ఆలోచనే వదిలేశాను. తెర మీదకి వచ్చే మాటలు ఎన్ని? పదో పన్నెండో. ఒక్కో మాటనీ పూర్తి బొమ్మగా గీసి, పన్నెండేసి చుక్కల వెడల్పున ముక్కలు కోసి, వరస నంబర్లిచ్చి చిప్పులో పెట్టడం మేలు. 'మోటారు' అయిదు ముక్కలు. ఏ ముక్క ఏ అక్షరం అన్నది చిప్పుకి అక్కర్లేదు, పక్కపక్కన పెడితే కంటికి మాటగా అతుక్కుంటుంది.

ఏ మాటలు అన్నది తర్వాతి ప్రశ్న. 18 గీతల్లో నల్లటి అంచుకి పైనొకటి, కిందొకటి పోతే మిగిలేది 16. అక్షరం ఒంటికి పదో పదకొండో, గుడికీ ఏత్వానికీ పైన మూడు నాలుగు. కింద ఒత్తుకి మిగిలేది రెండు గీతలు. రెండు గీతల్లో ఏ ఒత్తు రాసినా మరకే. నా మొదటి జాబితాలో 'ఉష్ణోగ్రత' ఉంది. ష కింద ణ, గ కింద ర. అది పట్టాలంటే రెండో వరస కూడా తినాలి. 'విద్యుత్' అంతే, 'స్థితి' అంతే. ఒత్తున్న మాటల్ని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. ఉష్ణోగ్రత పోయి 'నీటి వేడి' వచ్చింది. విద్యుత్ పోయి 'కరెంటు' వచ్చింది. 'నిలిచిపోయినది' లాంటి మాట ఒత్తు లేకపోయినా పొడుగు ఎక్కువై పోయింది, 'ఆగింది' మిగిలింది. చివరికి చూసుకుంటే జాబితా అంతా తాత నోట్లోని మాటలే. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం ఏళ్ల తరబడి వాదించాల్సి వచ్చింది. ఈ చిప్పు ముందు అలాంటి వాదన అవసరమే పడలేదు, గ్రాంథికానికి చోటు లేదంది.

జాబితా తాతకి చదివి వినిపించాను. ఒకచోట ఆపాడు. "ఆగింది అని పడితే, అదే ఆగిందా, మనోళ్లు ఆపారా? మేత వేసేటప్పుడు మేమే ఆపుతాం కదా బాబూ. ఊరికే పరిగెత్తించకు నన్ను."

నిజమే కదా! ఆగు, ఆపు అని మనకి వేరువేరు క్రియలున్నాయి. ఇంగ్లీషు 'ఆఫ్' ఈ రెంటినీ కలిపేస్తుంది. మామయ్య, ఎలక్ట్రీషియన్, నేను అప్పటిదాకా దాన్ని 'ఆఫ్' అనే అనుకుంటున్నాం. ఒక్క అక్షరం తేడా తెర మీద చూపించాలంటే సర్క్యూట్‌లో కొత్త తీగ లాగాలి. మోటారు వైరు చుట్టూ బిగించే కరెంటు సెన్సార్ తిరుగుతోందో లేదో మాత్రమే చెప్తుంది, ఎవరు ఆపారో చెప్పదు. స్టార్టర్ ఎర్ర బటన్‌కి అదనపు కాంటాక్ట్ బిగించి, దాంట్లోంచి 5 వోల్టుల తీగ వేరుగా తెచ్చాం (మూడు ఫేజుల వైపు పనంతా ఎలక్ట్రీషియన్‌దే, మీరూ అక్కడ చెయ్యి పెట్టకండి). ఎర్ర బటన్ నొక్కిన తర్వాత మోటారు ఆగితే 'ఆపారు'. నొక్కకుండా ఆగితే 'ఆగింది'. సప్లయే లేకపోతే 'కరెంటు లేదు'. బోర్డు, కెమెరా, టీవీ ఇన్వర్టర్ మీద నడుస్తాయి కాబట్టి కరెంటు లేదన్న సంగతి చెప్పడానికి కరెంటు అక్కర్లేదు. పరిగెత్తాల్సిన మాట ఒక్కటే, 'ఆగింది'. దాన్ని మాత్రం రెట్టింపు సైజులో, రెండు వరసల్లో, మినుకుమనేలా పెట్టాను. అదొక్కటే పదహారు ముక్కలు తింది.

గీయడం గురించి కొంచెం. ల్యాప్‌టాప్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌ని 18 చుక్కలకి కుదిస్తే రాదు. ఫాంట్లు అంచుల దగ్గర బూడిద రంగులు వాడి నున్నగా చూపిస్తాయి, మనకున్నవి తెలుపు నలుపులే. గళ్ల కాగితం తీసుకుని పెన్సిల్‌తో గీయాల్సిందే. నిలువు గీతలు రెండు చుక్కల మందం ఉండాలి. ఒక్క చుక్క మందంతో గీస్తే చిన్న టీవీలో వెలిసిపోయినట్టు వస్తాయి, ఎందుకంటే అంత త్వరగా ఎక్కి దిగే వోల్టేజీని దాని సర్క్యూట్ పూర్తిగా అందుకోలేదు. తెల్ల అక్షరం చుట్టూ ఒక చుక్క నలుపు తప్పనిసరి, లేకపోతే పగలు నీళ్ల మెరుపులో అక్షరాలు కరిగిపోతాయి. సున్నా లోపలా, 'ద' పొట్టలోనూ పారదర్శకం వదలకుండా నలుపే నింపితే బాగా చదవగలుగుతాం.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది 'ఆపారు'. 'ప' పైన తెరిచి ఉంటుంది, 'వ' మూసుకుని ఉంటుంది. కాగితం మీద ఒక్క గడి ఖాళీ చాలనిపిస్తుంది. టీవీ మీద ఆ ఖాళీ పూడిపోతుంది, తాత పది అడుగుల దూరం నుంచి "ఆవారు అంటే ఏంటి బాబూ?" అన్నాడు. ఖాళీని మూడు చుక్కలు చేస్తే గానీ ప ప అవలేదు. అచ్చు పుస్తకంలో చూస్తే ఆ అక్షరం కొంచెం నోరు తెరిచినట్టు ఉంటుంది, అయినా పది అడుగుల నుంచి అదే సరైన ప. ద, ధ, థ తేడా ఈ సైజులో చూపించడం నా వల్ల కాలేదు. అదృష్టం కొద్దీ జాబితాలో ద ఒక్కటే ఉంది.

అంకెలు తెలుగువి పెట్టమని మన క్లబ్బులోనే ఒక మిత్రుడు పట్టుబట్టాడు. నేను పెట్టలేదు. తాత ఫోన్ మీదా, నోటు మీదా, క్యాలెండర్ మీదా చదివేవి 1, 2, 3లే. అర్ధరాత్రి నీటి వేడి 31 అని చదవాల్సిన మనిషికి అంకెల పరీక్ష పెట్టడం దేనికి?

గీసినవి చిప్పులోకి ఎక్కించడం ఒక్కసారి పని. అక్షరాలు చూపించడం ఆపేసి, ఒక్కో బొమ్మ 54 బైట్లూ పంపి, భద్రపరచమని చెప్పాలి. ఒక్కో బొమ్మకి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ టైములో స్టేటస్ రిజిస్టర్‌లో బిజీ బిట్టు చూసుకుంటూ ఆగాలి. కరెంటు తీసేసినా బొమ్మలు పోవు. అంకెల జోలికి వెళ్లకండి, కంపెనీవి బాగానే ఉన్నాయి. కానీ అవి కంప్యూటర్ వరసలో ఉండవు. 1 నుంచి 9 దాకా వాటి నంబర్లలోనే ఉండి, సున్నా పదో స్థానంలో ఉంటుంది. కోడ్‌లో అది గుర్తుంచుకోవాలి.

వైరింగ్‌లో రెండే మాటలు. కెమెరా నుంచి మాడ్యూల్‌కి, మాడ్యూల్ నుంచి టీవీకి, ఒకే వరసలో వెళ్లాలి. కెమెరా తీగని మధ్యలో చీల్చి ఒకటి టీవీకి, ఒకటి మాడ్యూల్‌కి ఇస్తే రెండు చోట్లా 75 ఓం లోడు పడి బొమ్మ మసకబారుతుంది. కెమెరా అడాప్టర్, టీవీ వేరువేరు చోట్ల ఎర్త్ అయితే తెర మీద అడ్డంగా పట్టీలు మెల్లగా పైకి పాకుతాయి. రెంటికీ ఒకే చోటు నుంచి సప్లయి ఇస్తే చాలావరకు తగ్గుతుంది. ఇంకోటి, ఇప్పుడు షాపుల్లో అనలాగ్ అని అమ్మే హెచ్‌డీ కెమెరాల సిగ్నల్ ఈ చిప్పుకి అర్థం కాదు. వాటిలో చాలావాటికి తీగ మీద చిన్న స్విచ్ ఉంటుంది, సీవీబీఎస్‌కి మారిస్తే పాత సిగ్నలే వస్తుంది.

నీటి వేడికి డీఎస్18బీ20 సెన్సార్, నీళ్లు పట్టని గొట్టంలో ఉన్నది వాడాను. ఆక్సిజన్ కొలిచే సెన్సార్ ఖరీదు చూసి మామయ్య "ముందు మోటారు సంగతి చూడరా అల్లుడూ" అన్నాడు, అదలా ఉంది.

ఇప్పటికి 'మోటారు', 'తిరుగుతోంది', 'ఆపారు', 'ఆగింది', 'కరెంటు', 'లేదు', 'నీటి', 'వేడి', 'చెరువు' కలిపి యాభై ముక్కలు. మిగతా గళ్లలో కంపెనీ ఇంగ్లీషు అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటిని చెరిపితే ఇంకా చాలా మాటలు పడతాయి. ల్యాబ్‌లో స్టాప్‌వాచ్‌కో, ఫెస్ట్‌లో స్కోర్‌బోర్డుకో కావాలంటే మీ మాటల జాబితా పట్టుకుని శనివారం సాయంత్రం క్లబ్ రూముకి రండి. గళ్ల కాగితాలు, పెన్సిళ్లు నా దగ్గరున్నాయి. ఒత్తుల్లేని మాటలు తెచ్చినవాళ్లకి ముందు గీసిస్తాను.